అడవి పందికి ఏది? ఎల్జీనా, 315నా?

గోదారొడ్డు రైతు: మహారాష్ట్రలో సిరొంచ పక్కన మా ఊళ్లో వరి పొట్టకొచ్చింది. పందులు రాత్రికి రాత్రి తొక్కి పడేస్తున్నాయి. కరెంటు తీగ పెట్టే పాపం నాకొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిట్ తెచ్చుకున్నా. షూటర్ దగ్గర గుండ్లు చల్లే 12 బోరు తుపాకీ, ఒక్కో తూటా కొట్టే 315 రైఫిల్ రెండూ ఉన్నాయి. పంది గిలగిల్లాడకుండా ఒక్క దెబ్బకు పోవాలంటే ఏది?

పాత బ్యారెల్: 12 బోరే. దాని ఎల్జీ తోటాలో ఆరు పెద్ద గుండ్లు. ముప్పై గజాల్లో తిరుగులేదు.

తూటా లెక్క: చీకట్లో పంది ముప్పై గజాలకు వస్తుందా అన్నా? యాభై దాటితే గుండ్లు చెదిరి పొట్టలో ఒకటి, తొడలో ఒకటి. ముదురు మగపందికి జబ్బ మీద చర్మం కింద అట్టలాంటి గట్టి పొర ఉంటుంది, దూరం నుంచి వచ్చే గుండు అక్కడే ఆగొచ్చు. 315లో సాఫ్ట్ నోస్ తీసుకోండి. లోపలికెళ్లాక ముక్కు విచ్చుకుంటుంది. ఫుల్ జాకెట్ (ముక్కు దాకా లోహం తొడుగున్న తూటా) అయితే సూదిలా దూరి అవతలికి పోతుంది, పంది చాలా దూరం పరిగెత్తి ఎక్కడో చస్తుంది. పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెనక, కాస్త కిందికి కొట్టాలి.

మంచె మీద: రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. పక్క చేలో కాపలా పడుకునేది మేమే.

తూటా లెక్క: మంచె మీంచి కిందికి, వెనక నేల కనబడితేనే కాల్చాలి.

పాత బ్యారెల్: నేనన్నది ముప్పై. యాభై నువ్వన్నావు. నా మాట మార్చకు.

కూలోడి అల్లుడు: పోయినేడు మా దగ్గర ఎల్జీతోనే కొట్టారు. పొట్టలో తగిలింది. షూటర్ జీపెక్కాడు. పొద్దున నెత్తురు మరకలు చూసుకుంటూ పొదల్లోకి మా మామను పంపారు. పంది తొడ చీల్చేసింది. రెండు నెలలు మంచంలో ఉన్నాడు, పైసా ఇచ్చినోడు లేడు.

పాత బ్యారెల్: అది కాల్చినోడి తప్పు, ఎల్జీది కాదు. మీ మామ కూడా చూసుకొని పోవాల్సింది.

కూలోడి అల్లుడు: పొలం మీది, తుపాకీ మీది. చూసుకోవాల్సింది మాత్రం మా మామా? ఇందాకటి నుంచి పంది బాధ గురించే మాట్లాడుతున్నారు!

కిన్వట్ బావ: అంతా చేసి కూర కూడా దక్కదు. చచ్చిన పంది సర్కారు సొత్తు 😀

తూటా లెక్క: మామ గురించి తమ్ముడన్నది నిజమే. గాయపడ్డదాన్ని వెతకాల్సింది కాల్చినవాడే, అదీ తెల్లారాక, తుపాకీతో.

గోదారొడ్డు రైతు: ఇప్పుడే షూటర్‌కు ఫోన్ చేశా. 315 తెస్తాడట. తెల్లారేసరికి మాత్రం వెళ్లిపోవాలట, వెతకడానికి ఊళ్లో ఎవరినైనా చూసుకోమన్నాడు.

కూలోడి అల్లుడు: మా మామను అడగొద్దు.