క్యారవాన్ ఫ్లోర్ మెత్తబడింది, ఎలా ఆరబెట్టాలి?
మాది వైజాగ్, సాగర్‌నగర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ట్రైలర్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లు లాంటి బండి). మొన్నటి వానలకి కిటికీ మూల సీలెంట్ ఊడి, నీళ్లు గోడ లోపల్నుంచి కిందికి దిగాయి. పైన వినైల్ షీట్ ఉండటంతో నాకు తెలీనే లేదు. సింక్ దగ్గర కాలు పెడితే దిగబడింది. షీట్ ఎత్తి చూస్తే ప్లైవుడ్ నల్లబడి పొరలు ఊడుతోంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే టీలో ముంచిన బిస్కెట్టే!

సీలెంట్ మార్చేశాను. 4 రోజులుగా ఫ్యాన్ తిరుగుతోంది. కానీ మన సముద్రపు గాలికి ఉతికిన బట్టలే సరిగ్గా ఆరవు, ఇక చెక్కేం ఆరుతుంది? ఇక్కడ గాల్లో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ మెషిన్ అద్దెకి దొరుకుతుందా? మెత్తబడినంత వరకే కోసి ఐఎస్ 710 మెరైన్ ప్లై (నీటిని తట్టుకునే ప్లైవుడ్) వెయ్యొచ్చా, మొత్తం తీసెయ్యాలా? కార్పెంటరేమో పైన ఎపాక్సీ (పోశాక గట్టిపడే రెజిన్) పోసేద్దాం అంటున్నాడు. తడి లోపలే ఉండిపోదూ? కింద ఇనప ఫ్రేమ్‌కి తుప్పు కూడా మొదలైంది. చేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.