అప్‌డేట్: ఎంబీఏలో చేరాను, మొదటి సెమిస్టరు పూర్తయింది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తూ, బీకాంలో 52 శాతం మార్కులున్న నాకు ఎంబీఏ సీటు వస్తుందా, లెక్కల్లో వెనుకబడినవాడు ఆ చదువు నెగ్గుకురాగలడా అని నిరుడు ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతతో ఇది రాస్తున్నాను.

అర్హత సంగతి మీరు చెప్పినట్టే తేలింది: డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం ఉంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్ రాయవచ్చు. 200 ప్రశ్నలకు రెండున్నర గంటల సమయం ఉంటుంది; తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఒక్క ప్రశ్ననూ వదలలేదు. కౌన్సెలింగులో విజయవాడ దగ్గరి కళాశాలలో సీటు వచ్చింది.

నేను భయపడిన స్టాటిస్టిక్సే ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన సబ్జెక్టు. సగటు ఒకటే అయినా ఒక రకం మిర్చి ధర నిలకడగా ఉండి, మరో రకం ధర రోజురోజుకూ ఊగిసలాడడాన్ని యార్డులో ఏళ్ల తరబడి చూసిన నాకు, ప్రామాణిక విచలనం కొలిచేది ఆ ఊగిసలాటనే అని తెలియగానే సూత్రం దానంతటదే అర్థమైంది. అకౌంటింగులో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి చేతిలో ఉండాల్సిన పెట్టుబడి) పాఠం కూడా అంతే: రైతుకు ముందుగా చెల్లించి, కొన్నవారి నుంచి వారాల తరువాత వసూలు చేసుకునే మా కొట్టు ఇబ్బందికి అక్కడ పేరు దొరికింది.

ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థల్లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చెప్పే సబ్జెక్టు) మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. రెండో సంవత్సరంలో ఫైనాన్స్ తీసుకుని, శీతల గిడ్డంగుల్లో సరుకు నిల్వకు అయ్యే వడ్డీ భారంపై ప్రాజెక్టు చేయాలని నిర్ణయించుకున్నాను.