బాలింత నలభై రోజులైనా కాకుండా వీడియోలా?

తెనాలి అల్లుడు:
మా ఆవిడకి వంటల యూట్యూబ్ ఛానల్ ఉంది, సబ్‌స్క్రైబర్లు 38 వేలు. పాప పుట్టి ఇవాళ్టికి 33 రోజులు. పుట్టింట్లోనే ఉంది. నిన్న బాలింత పథ్యం అని వెల్లుల్లి కారం వీడియో పెట్టింది. మా అమ్మ ఒకటే గోల. ఆరు నెలలు ఆపితే ఏం పోతుందంటే వినట్లేదు. మీరేమంటారు?

సాంబ్రాణి:
ఏం పోదు నాయనా. ఇద్దరు కూతుళ్లకి పురుళ్లు పోశాను. పచ్చి ఒళ్లుతో పొయ్యి దగ్గర నిలబడితే ఆ నడుంనొప్పి జన్మంతా ఉంటుంది. పసిదాన్ని కూడా చూపించిందా? దిష్టి తియ్యండి ముందు.

రింగ్‌లైట్:
ఏం పోదా పిన్నిగారూ? ఆరు నెలలు వీడియో గానీ కమ్యూనిటీ పోస్టు గానీ లేకపోతే మానిటైజేషన్, అంటే ఛానల్ మీద వచ్చే డబ్బులు, ఆపేస్తామని యూట్యూబ్ రూల్స్‌లోనే ఉంది. ఆఫీసుల్లో వాళ్లకి ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ వల్ల జీతంతో 26 వారాల సెలవు. మాకెవరిస్తారు?

లెక్కల మాస్టారు:
ఆపేస్తామని కాదు, ఆపేసే హక్కు ఉందని. ఆ 26 వారాలు కూడా పదిమందికి తగ్గకుండా పనిచేసే చోటే, మొదటి ఇద్దరు పిల్లలకే. మూడో బిడ్డ నుంచి 12 వారాలే. ఆరు నెలల్లో ఒక్క పోస్టు పెడితే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా?

రింగ్‌లైట్:
రూలు సరే, రీచ్ సంగతేంటి మాస్టారూ? బాబు పుట్టినప్పుడు మూడు నెలలు ఆపాను. అంతకుముందు 20 వేల మంది చూసే ఛానల్, తిరిగొచ్చాక 900 వ్యూస్. ఆ భయంతోనే ఒక బేబీ సబ్బు ప్రమోషన్ ఒప్పుకున్నా. బాబు మొహం కనపడాలని షరతు. కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ తీశాం. మొదటిసారి ఏడ్చాడు, రెండోసారి సబ్బు పేరు అటు తిరిగిపోయింది. మూడోసారికి బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. అయినా పోశాను.

సాంబ్రాణి:
నేననేదీ అదేగా!

రింగ్‌లైట్:
మీరనేది అది కాదు. మీరు మానెయ్యమంటున్నారు. నేను మొహం చూపించొద్దంటున్నాను. రెండూ ఒకటెలా అవుతాయి?

లెక్కల మాస్టారు:
ఫ్రాన్స్‌లో 2020లోనే చట్టం చేశారు. 16 ఏళ్లలోపు పిల్లలతో చేసే వీడియోల సంపాదనలో వాటా వాళ్ల పేరునే దాచాలి.

వాకిలి ముగ్గు:
మాస్టారూ, పాప తెనాల్లో ఉందండీ.

సాంబ్రాణి:
మేం ఫోన్లు లేకుండానే పిల్లల్ని పెంచాం. నా రెండో కూతురుదీ ఇదే వ్యవహారం. బారసాలకి ఉయ్యాల నేను కట్టాను, పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు నేను చించాను. తీరా ఉయ్యాల్లో వేసే వేళకి ‘అమ్మా, కాస్త పక్కకి జరుగు, ఫ్రేములో అడ్డొస్తున్నావ్’ అంది. వంటింట్లోకి వెళ్లిపోయాను. పిలవనైనా లేదు.

వాకిలి ముగ్గు:
అయ్యో.

రింగ్‌లైట్:
అది తప్పే పిన్నిగారూ. కానీ ఆ కోపం ఈ అమ్మాయి మీద చూపిస్తే ఎలా? అల్లుడుగారూ, ఒకటి చెప్పండి. ఆ వెల్లుల్లి ఎవరు వొలిచారు? ఎడిటింగ్ ఎవరు చేశారు?

తెనాలి అల్లుడు:
వొలిచింది అత్తయ్య. ఎడిటింగ్ తనే, రాత్రి పాలిచ్చేటప్పుడు, ఒంటిచేత్తో. నేను శని, ఆదివారాలు వెళ్తున్నాను.

రింగ్‌లైట్:
అంటే రెండు నిద్రలు చేసొచ్చి సలహా ఇస్తున్నారన్నమాట.

తెనాలి అల్లుడు:
తెలియకుండా మాట్లాడొద్దండి. నాలుగు నెలలుగా నాకు ఉద్యోగం లేదు. ఇంటి లోను వాయిదా ఆ ఛానల్ డబ్బుల్లోంచే కడుతున్నాం. మొన్న మా మేనత్త పదిమందిలో ‘పెళ్లాం పచ్చి బాలింత, అయినా వీడికి సంపాదించి పెడుతోంది’ అంది. అది వింటూ కూర్చోమంటారా?

రింగ్‌లైట్:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. అయితే తనకి అవసరమైంది సెలవు కాదు, మనిషి.

సాంబ్రాణి:
ఉద్యోగం లేదన్నావు, మరి శని, ఆదివారాలే ఏమిటి నాయనా? రాత్రి రెండింటికి పిల్ల లేస్తే భుజానేసుకుని తిప్పు. ఆ ఎడిటింగో ఏదో నేర్చుకో.

తెనాలి అల్లుడు:
అత్తారింట్లో నెలలకి నెలలు కూర్చుంటే ఊళ్లో ఏమనుకుంటారండీ?

సాంబ్రాణి:
మేనత్త అన్నది చాల్లేదా?

లెక్కల మాస్టారు:
ఇంతకీ ఆరు నెలల లెక్క పాప పుట్టిన రోజు నుంచి కాదు, ఆఖరి వీడియో నుంచి. నిన్న పెట్టింది కదా, మళ్లీ మొదటి నుంచి లెక్క.