కొల్లాపూర్ దగ్గర కృష్ణలో మునిగిన మా అవ్వ ఊరు చూడాలి, ఎప్పుడు రావాలి?

అడిగింది: అవ్వ మనవరాలు

మా అవ్వది కొల్లాపూర్ పక్కన ఏటి ఒడ్డు ఊరు. శ్రీశైలం డ్యామ్ నీళ్లు వస్తున్నాయని 1981లో మూటాముల్లె సర్దుకుని లేచొచ్చారట. నేను పుట్టి పెరిగిందంతా హైదరాబాద్‌లోనే. అవ్వ పోయినేడు చనిపోయింది. ఆఖరి రోజుల్లో కూడా "మా గేరి చివర వేపచెట్టు, దాని పక్కన చేదబావి" అని అదే చెప్పేది. ఫోన్‌లో వెతికితే సోమశిల బోటు, కాటేజీలు, సెల్ఫీలు తప్ప ఇంకేం రావడం లేదు. ఆ ఊరి జాగా ఎప్పుడైనా బయటపడుతుందా? అక్కడివాళ్లు ఇప్పుడు ఎట్లా బతుకుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ఏటిగడ్డ

బిడ్డా, మాదీ ముంపు ఊరే. ఊరు లేచినప్పుడు నేను మూడో తరగతి.

నువ్వు రావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. వానాకాలంలో పైనుంచి వరద వచ్చి డ్యామ్ నిండితే మట్టం 885 అడుగులకు వస్తుంది, అప్పుడు చూడ్డానికి సముద్రమే. నీ కళ్లకు నీళ్లు తప్ప ఏమీ ఆనవు. తర్వాత కరెంటుకు, కాలువలకు, ఇక్కడ ఎల్లూరు దగ్గర కల్వకుర్తి లిఫ్టుకు తోడుకుంటూ పోతే ఎండలు ముదిరేసరికి నీళ్లు వెనక్కి పోతాయి. ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడి కూడా అట్లనే తేలుతుంది. ముందు శిఖరం, కొన్నాళ్లకు గుడి మొత్తం. అందులో శివుడు వేపమొద్దు లింగం. ఏటా నెలల తరబడి నీళ్లలో ఉంటాడు.

ఊర్ల జాగాలో గోడలేమీ మిగల్లేదు, పునాది రాళ్లే. మట్టిమిద్దెలు మొదటి ఏడాదే కరిగిపోయాయి. కానీ నడిచిన మనిషికి ఏది వాకిలో, ఏది గేరో తెలిసిపోతుంది. మా ఇంటి జాగాలో రోలు ఉంది. లేచిపోయేటప్పుడు ఎడ్లబండిలో చోటు లేక మా నాయిన దాన్ని వదిలేశాడు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ప్రతి ఎండాకాలం అక్కడికి పోయేది. రోట్లో నిండిన ఒండ్రును చేత్తో గోకి, గవ్వలన్నీ ఏరి బయటపడేసి, చెంబుతో నీళ్లు పోసి కడిగేది. కడిగి కాసేపు పక్కన కూర్చునేది. మళ్లీ వానాకాలానికి మునుగుతుందని తెలిసే కడిగేది. మేము తెచ్చుకుందామంటే వద్దన్నది. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నా.

ఒక జాగ్రత్త చెప్తా. ఎండి పగుళ్లిచ్చిన ఒండ్రు మీద కొత్తవాళ్లు నడవొద్దు. పైన పెంకులా గట్టిగా ఉంటుంది, కింద మోకాలిలోతు బురద. పశువులు కూడా దిగబడతాయి. పశువుల కాపరులు నడిచిన దారినే పో.

బతుకు సంగతి అడిగావు. నీళ్లు తగ్గిన భూమిలో కొంతమంది పంట వేస్తారు. ఒండ్రు కాబట్టి ఎరువు పెద్దగా అక్కర్లేదు, కానీ పంట చేతికొచ్చేలోపు వరద ముందొస్తే అంతా పోతుంది. జూన్ దాటితే ప్రతి ఇంట్లో అదే టెన్షన్. మిగతావాళ్లకు చేపలే. బొచ్చె, రవ్వు, జెల్ల బాగా పడేవి. ఇప్పుడు అలివి వలలు వచ్చి ఏరు నాశనమైంది. దోమతెరలాంటి సన్న కళ్ల వల అది. వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. నిషేధం ఉన్నా వేస్తూనే ఉన్నారు. ఆ పిల్లలన్నీ ఒడ్డున పట్టాల మీద ఎండబోస్తారు, ఆ వాసన చాలా దూరం కొడుతుంది. వల లాగే కుటుంబాలు విశాఖ, కాకినాడ దిక్కు సముద్రపు ఒడ్డు నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చినవే. గుడిసెల్లో చంటిపిల్లలతో ఉంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, పెట్టుబడి పెట్టి తెచ్చేవాళ్ల మీదే ఉంది.

1986లో జీవో 98 ఇచ్చారు, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలని. కొందరికి వచ్చాయి. మా అన్న కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇప్పుడు రిటైరయ్యే వయసే దాటిపోయాడు.

జవాబు: జోగులాంబ వాకిలి

మాది అలంపూర్. మనుషుల్ని లేపినట్టే దేవుళ్లనూ లేపారు. తుంగభద్ర కృష్ణలో కలిసేచోట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది, పైన చెప్పిన ఏటా మునిగి తేలే గుడి వేరే. రాయి రాయికీ నంబరు వేసి, ఊడదీసి తెచ్చి మా ఊర్లో మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, మంచాలకట్ట నుంచి కొల్లాపూర్‌కు తెచ్చిన మాధవస్వామి గుడి కూడా అట్లాంటివే, రెండూ సురభి రాజుల కాలంనాటివి. ఊరు దొరక్కపోయినా అవ్వ దండం పెట్టుకున్న గుడి దొరకొచ్చు, అడిగి చూడండి. 2009 అక్టోబరు వరదలో శ్రీశైలం మట్టం 896 అడుగులు కూడా చేరింది. అప్పుడు మేమూ మునిగాం. అందుకే ముంపు అంటే ఏంటో మాకు కొంచెం తెలుసు.

జవాబు: సింగోటం కోడలు

చెల్లీ, పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకు. గాలి ఎక్కువుంటే ఆ రోజు మానుకో. నా పుట్టిల్లు ఆవలి ఒడ్డున నందికొట్కూరు వైపు. ఏరు దాటితే దగ్గర, రోడ్డున పోతే అలంపూర్ మీదుగా చుట్టుకుని పోవాలి. అందుకే సంక్రాంతికి మా సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతరకు ఆవలివాళ్లు పడవల్లోనే వచ్చేవాళ్లు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. ఆ రోజు మా వీధిలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన మాట వినబడ్డప్పుడల్లా నాకు ఆ పడవే గుర్తొస్తుంది.

మే నెలలో వస్తే మామిడిపండ్లు తీసుకుపో. కొల్లాపూర్ బేనిషాన్ తీపి వేరే.

అవ్వ మనవరాలు

అందరికీ దండాలు. కాకా, రోలు సంగతి అమ్మకు చదివి వినిపించాను. వాళ్ల ఇంట్లో కూడా ఒక తిరగలి వదిలేసి వచ్చామని అవ్వ చెప్పేదట. ఇన్నేళ్లలో నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఏప్రిల్‌లో అమ్మను తీసుకుని వస్తాను. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఎంత దూరం నడవాలి?

ఏటిగడ్డ

నీళ్లు ఎంత వెనక్కి పోతే అంత నడక బిడ్డా, ఆ ఏడు మట్టం చూసి చెప్తా. ట్రాక్టర్ పోయేదాకా ట్రాక్టర్‌లో తీసుకుపోతాం. అవ్వ ఇంటిపేరు, ఏ గేరో నాకు విడిగా మెసేజ్ పెట్టు, ఇక్కడ రాయకు. మా ఊర్లో ఎనభై దాటిన ముసలాయన ఒకాయన ఉన్నాడు, ఏ ఇల్లు ఎక్కడో ఇప్పటికీ వరసగా చెప్తాడు. ముందురోజు రాత్రికే కొల్లాపూర్ చేరండి. పొద్దున ఆరుకల్లా దిగాలి, తొమ్మిది దాటితే ఆ ఒండ్రు మీద అమ్మ కాళ్లు కాలుతాయి.