అప్‌డేట్: బుల్లెట్ యూటర్న్ ఇప్పుడు కాళ్లు ఈడ్వకుండానే

విశాఖ జగదాంబ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని తిప్పాలంటే రెండు కాళ్లూ నేల మీద ఈడ్వాల్సి వస్తోందని, అమెరికా పోలీసులు 350 కిలోలు దాటిన హార్లే బైకులను కోన్ల మధ్య అంత నెమ్మదిగా ఎలా తిప్పుతారని అడిగాను కదా. మీరంతా చెప్పింది సగం క్లచ్, వెనక బ్రేక్, చూపు. మధురవాడలో మా కాలనీ ఖాళీ స్థలంలో నీళ్ల సీసాలు పెట్టి ప్రాక్టీస్ చేశాను.

కిటుకంతా వెనక బ్రేక్‌లోనే ఉంది. కొద్దిగా రేజ్ ఇచ్చి కదపకుండా ఉంచి, క్లచ్‌ని సగంలో ఆపి, వెనక బ్రేక్ కాస్త తొక్కిపెడితే చైన్ బిగువుగా ఉండి కుదుపు రాదు. వేగాన్ని ఆ బ్రేకే చూసుకుంటుంది. ముందు బ్రేక్ జోలికి మాత్రం పోకండి. హ్యాండిల్ తిరిగి ఉండగా దాన్ని పట్టారంటే బండి అటే ఒరిగిపోతుంది.

క్లచ్ ప్లేట్లు కాలిపోతాయని ఒకరు భయపెట్టారు. మన బండ్లలో అవి ఆయిల్‌లోనే ఉంటాయి, కాసేపు ఇలా నడిపినంత మాత్రాన ఏమీ కాదు. వేడెక్కితే ఆపి టీ తాగి రండి.

తల భుజం మీదుగా తిప్పి, వెళ్లాల్సిన చోటు చూడటమే నాకు కష్టమైంది. సీసాను చూస్తే సరిగ్గా దాని మీదికే పోతోంది. బండిని లోపలికి వంచి ఒళ్లు నిటారుగా ఉంచడం ఆ తర్వాత దానంతటదే వచ్చింది.

కైలాసగిరి ఘాట్ మలుపుల్లో ఇప్పుడు ఇబ్బంది లేదు. జగదాంబలో వెనక ఆటో హారన్ కొడితే టెన్షన్‌కి ఎడమ కాలు ఇంకా దిగుతోంది. వెనక మనిషి కూర్చుంటే ఏం మార్చుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.