నాలుగో ఏడు ఆనర్స్ చదవాలా, మూడేళ్ళతో దిగిపోవాలా?

పర్లాకిమిడి పిల్ల: అన్నలూ అక్కలూ ఒక సలహా చెప్పండి. నాది ఒడిశాలో ప్లస్ త్రీ (అంటే డిగ్రీ) ఫిజిక్స్, 2024లో కొత్త సిలబస్‌తో చేరిన బ్యాచ్. మూడేళ్ళకి 120 క్రెడిట్లతో డిగ్రీ తీసుకుని పోవచ్చు, ఇంకో ఏడు చదివి 160 చేస్తేనే ఆనర్స్. నాన్నేమో బ్యాంకు కోచింగ్ అంటున్నారు, మా సారేమో రీసెర్చ్ చెయ్యమ్మా అంటున్నారు.

రైల్వే బావ: ఇందులో ఆలోచించడానికేముంది, దిగిపో. ఎస్సెస్సీ సీజీఎల్ అయినా బ్యాంకు పీవో అయినా ఆఖరికి సివిల్స్ అయినా డిగ్రీ ఉందా అని అడుగుతారు గానీ ఎన్నేళ్ళు చదివావని అడగరు. మా టైంలో మూడేళ్ళకే ఆనర్స్ చేతిలో పెట్టేవోళ్ళు, ఇప్పుడదే పేరుకి ఇంకో ఏడాది బరంపురంలో మెస్ గది అద్దె కట్టాలి, పైగా ఆ ఏడాది ఖర్చు ఇంట్లో ఎవరు పెడతారు.

గంజాం అక్క: బావగారూ ఉద్యోగాల లెక్క కరెక్టే, గానీ ఆ పిల్ల సార్ చెప్పింది వేరే దారి కదా. మొదటి ఆరు సెమ్‌లలో 75 పర్సెంట్ ఉంటేనే రీసెర్చ్‌తో ఆనర్స్ ఇస్తారు, అందులో డిసర్టేషన్ అనే సొంత పరిశోధన రిపోర్ట్‌కి 12 క్రెడిట్లు, అంత లేనోళ్ళు దాని బదులు మూడు పేపర్లు చదువుకోవాలి. ఆ మూడు పేపర్ల కోసమే ఏడాది ఉండటం నాకైతే దండగనిపిస్తుంది. రీసెర్చ్ దొరికితే మాత్రం వదలకు, 2022 యూజీసీ రూల్స్ ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 వస్తే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అప్లై చెయ్యొచ్చు. ఎమ్మెస్సీయే కావాలన్నా 3+2, 4+1 రెండూ ఐదేళ్ళేగా, కాకపోతే ఆ ఒక్క ఏడాది పీజీ నీకు కావలసిన యూనివర్సిటీలో నడుస్తోందో లేదో ముందే కనుక్కో.

అసలు చూడాల్సింది మీ ల్యాబ్. కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం చేశావు కదా, సోడియం దీపం వేడెక్కి పసుప్పచ్చగా వెలిగేదాకా కూర్చుని, మైక్రోస్కోపు స్క్రూ తిప్పుతూ రింగులు లెక్కెట్టి ఆఖరికి 589 నానోమీటర్ల దగ్గరికి నీ చేత్తో నువ్వు రాబట్టావా, లేక సీనియర్ రికార్డులోంచి రీడింగులు దించేశావా? రెండోదైతే ఆ కాలేజీలో నాలుగో ఏడు కూడా దించుడే అవుతుంది 😅

కొత్తబస్టాండు: అక్కా ల్యాబ్ గొడవ అన్నిచోట్లా ఉన్నదే. నేను చెప్పేది ఇంకోటి, తెలుగు బళ్ళో చదివుంటే జాగ్రత్త, మన స్టేట్ ఉద్యోగాలకి ఏడో తరగతి లెవెల్ ఒడియా పాసైనట్టు కాగితం అడుగుతారు. నాలుగేళ్ళు చదివినా అది లేకపోతే అంతే సంగతి.

పర్లాకిమిడి పిల్ల: ఒడియా కాగితం ఉందన్నా. రింగులు సగం నావే అక్కా 🙈 నాలుగు సెమ్‌లకి 73 వచ్చింది, అందుతుందా?

గంజాం అక్క: క్రెడిట్లు సమానమనుకుంటే మిగిలిన రెండిట్లో సగటు 79 రావాలి. కష్టమే గానీ ప్రాక్టికల్ మార్కులు పోగొట్టుకోకపోతే అందుతుంది. ఈ సెలవుల్లోనే మీ సార్‌ని కలిసి గైడ్‌గా ఉంటారా, ఎంతమందిని తీసుకుంటారు అని అడుగు. ఆయన నీళ్ళు నమిలితే నాన్నగారు చెప్పిన కోచింగ్‌కే వెళ్ళిపో.