చలాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలును నాన్నగారు ఇన్‌స్టాల్ చేశారు: యాప్ తీసేస్తే సరిపోతుందా?

మధురవాడ_నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మా, ఆయనా కూర్మన్నపాలెంలో ఉంటున్నారు. నిన్న సాయంత్రం వారి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, తెలిసినవారి నంబరు నుంచే, ‘ఆర్టీవో చలాన్’ అనే పేరుతో ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు) వచ్చింది. మొన్న గాజువాక దగ్గర ఎర్ర లైటు పడ్డాక బండి ముందుకు పోనిచ్చానేమోనని ఆయన అప్పటికే మథనపడుతున్నారట. అందుకే ఫోన్ వద్దని హెచ్చరించినా లెక్కచేయకుండా, అడిగిన ప్రతిదానికీ అనుమతి ఇస్తూ పోయారు. వాటిలో ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా ఉంది. ఆ తర్వాత యాప్ తెరపై కనిపించలేదు. ఈ ఉదయం ఆయన వాట్సాప్ నుంచి అదే ఫైలు మా బంధువులకు వెళ్లినట్లు తెలిసింది.

ఇప్పటివరకు డబ్బేమీ పోలేదు. ఆ ఫోన్‌లో రెండు బ్యాంకుల యాప్‌లు ఉన్నాయి, గ్యాలరీలో ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోలు ఉన్నాయి. యాంటీవైరస్ వేస్తే చాలని దగ్గరలోని మొబైల్ షాపతను అంటున్నాడు. యాప్‌ను తీసేస్తే సరిపోతుందా, లేక ఫోనే మార్చాలా? పోలీసులకు చెప్పడానికి నాన్నగారు మొహమాటపడుతున్నారు.

ద్వారకానగర్_మొబైల్

యాప్ సంగతి తర్వాత చూడవచ్చు, ముందు నంబరును కాపాడుకోండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందని చూసుకుని, సిమ్‌ను బయటికి తీసి ఏదైనా పాత బటన్ల ఫోన్‌లో వేయండి. (జియో సిమ్ అయితే పాత 2జీ ఫోన్‌లో పనిచేయదు, 4జీ ఉన్న బటన్ల ఫోన్ కావాలి.) ఇలాంటి యాప్‌లు సాధారణంగా బ్యాంకు ఖాతాలోకి నేరుగా చొరబడవు. ఆ నంబరుకు వచ్చే ఎస్సెమ్మెస్‌లను చదివి అవతలివారికి చేరవేస్తాయి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చాలన్నా, మరో ఫోన్‌లో వాట్సాప్ తెరవాలన్నా ఓటీపీయే ఆధారం కనుక, అది ఎవరి కంటపడితే వారే ఆ నంబరు యజమానిగా చలామణీ అవుతారు. సిమ్ బయటికి వస్తే ఆ దారి మూసుకుపోతుంది. బ్యాంకు నుంచి వచ్చే కాల్స్, ఓటీపీలు కూడా నాన్నగారి చేతికే వస్తాయి.

ఆ బటన్ల ఫోన్‌లోనే *#21# డయల్ చేసి, కాల్స్ మరో నంబరుకు మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతూ ఉంటే చాలా నెట్‌వర్క్‌లలో ##002# తో రద్దవుతుంది. ఓటీపీని ఫోన్ కాల్ ద్వారా చెప్పించుకునే వీలు కొన్నిచోట్ల ఉంది కాబట్టి ఈ పని మానవద్దు.

ఇక ఫోన్ విషయం. ఐకాన్ కనిపించకపోయినా సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో అది ఉండే అవకాశం ఎక్కువ. అయితే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకుండా డివైస్ అడ్మిన్ అనుమతి (ఫోన్‌పై పెత్తనం చేసే అధికారం) తీసుకునే రకాలు కూడా ఉన్నాయి. వాటితో కుస్తీ పట్టడం కన్నా ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే (ఫోన్‌లోనివన్నీ చెరిపేసి కొత్తదానిలా చేయడమే) నయం, ఫోన్ మార్చనక్కరలేదు. యాంటీవైరస్ చాలన్న మాటతో నేను ఏకీభవించను. అది ఈ ఫైలును గుర్తుపట్టి తీసేసినా, నిన్నటినుంచి బయటికి వెళ్లిన సమాచారం వెనక్కి రాదు కదా! రీసెట్‌కు ముందు ఫొటోలను మాత్రం కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోండి, గూగుల్ పాస్‌వర్డ్‌ను మరో పరికరం నుంచి మార్చండి. రీసెట్ అయ్యాక యాప్‌లను పాత బ్యాకప్ నుంచి కాకుండా ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా వేసుకోండి.

సీతమ్మధార_విశ్రాంత_బ్యాంకరు

పై సలహా బాగుంది. అయితే ఫోన్ శుభ్రం చేసే పని మొదలుపెట్టేలోపే రెండు బ్యాంకులకూ ఫోన్ చేయించండి. డబ్బు పోలేదు కదా అని ఆగవద్దు. డెబిట్ కార్డు వెనుక ఉన్న నంబరుకే చేయాలి. గూగుల్‌లో వెతికితే నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు తగులుతాయి. నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు మూడింటినీ తాత్కాలికంగా ఆపించి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. అదే విషయాన్ని సమయంతో సహా రాసి బ్రాంచికి ఈమెయిల్ పంపండి.

రాతపూర్వకంగా ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో బాధ్యత ఎవరిదో తేల్చేది ముఖ్యంగా మనం చెప్పిన సమయమే. ఖాతాదారుడి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని తేలినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. తప్పు అటు బ్యాంకుదీ, ఇటు ఖాతాదారుడిదీ కాని సందర్భాల్లో 3 పనిదినాల లోపల తెలియజేస్తే ఖాతాదారుడిపై భారం పడదు. ఇలాంటి కేసును బ్యాంకులు ఏ కోవలోకి తోస్తాయో మీరూ ఊహించగలరు, అందుకే తొందరపడమంటున్నాను.

మరొక మాట. రిటైరైనవారి పొదుపు ఖాతాలో కొద్ది మొత్తమే కనిపించినా, అసలు సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. చాలా బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్ ద్వారానే డిపాజిట్‌ను గడువుకు ముందే రద్దు చేయవచ్చు, దానిపై అప్పు కూడా తీసుకోవచ్చు. కాబట్టి పొదుపు ఖాతా నిల్వ చూసి ఊరుకోకుండా, డిపాజిట్లన్నీ యథాతథంగా ఉన్నాయో లేదో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

పోలీసుల విషయంలో మొహమాటానికి చోటు లేదు. ఒక్క రూపాయి కదిలినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుతుండగానే ఆపగలిగేది ఆ తొలి గంటల్లోనే. ప్రస్తుతానికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఎంవీపీ_గ్రూప్_అడ్మిన్

మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఇలాగే జరిగింది. పంపినాయనకు తన పేరున అది వెళ్లిన సంగతే తెలియదు. మీ బంధువులకు మీ నంబరు నుంచి ఇప్పుడే కబురు చేయండి. నాన్నగారి వాట్సాప్ నుంచి చేస్తే వారు దేన్ని నమ్మాలో తేల్చుకోలేరు. గ్రూపు అడ్మిన్‌తో ఆ ఫైలును అందరికీ తొలగించమని చెప్పండి. రీసెట్ తర్వాత వాట్సాప్ తెరిచి, లింక్డ్ డివైసెస్‌లో తెలియని పరికరం ఉంటే తీసేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టించండి. అవతలివారు ముందే పిన్ పెట్టేసి ఉంటే 7 రోజులు ఆగాల్సి రావచ్చు, కంగారు పడకండి.

మధురవాడ_నివాసి

అందరికీ కృతజ్ఞతలు. సిమ్ మార్చాం, రెండు బ్యాంకులకూ చెప్పాం, డిపాజిట్లు భద్రంగానే ఉన్నాయి. ఫిర్యాదుకు నాన్నగారు ఒప్పుకున్నారు. గ్యాలరీలోని ఆధార్ ఫొటో గురించి ఏమైనా చేయగలమా?

సీతమ్మధార_విశ్రాంత_బ్యాంకరు

ఆధార్ సంస్థ వారి యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్‌కు తాళం వేయవచ్చు. అప్పుడు వేలిముద్రతో ఎక్కడా డబ్బు తీయడం కుదరదు. అయితే నాన్నగారు పింఛను కోసం జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నట్లు ధ్రువీకరణ) ఇచ్చే రోజున ఆ తాళం తీయాలని గుర్తుంచుకోండి, లేకపోతే అక్కడ తిప్పలు తప్పవు. ఇకపై ఎవరికైనా ఆధార్ ప్రతి ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ప్రతిని ఇవ్వండి.

ద్వారకానగర్_మొబైల్

టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో నాన్నగారి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడండి. తెలియని నంబరు కనిపిస్తే అది తనది కాదని అక్కడే తెలియజేయవచ్చు. ఇవాళ అంతా సవ్యంగా ఉన్నా నెల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకంటే ఆధార్ ప్రతి చేతికి చిక్కినవారు దాన్ని వెంటనే వాడాలని లేదు. చలాన్ నిజంగా పడిందో లేదో పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి వివరాలు ఇచ్చి చూస్తే, నాన్నగారి ఎర్ర లైటు బెంగ కూడా తీరుతుంది.